రెండో పిల్ల చెప్పే మాట

మా మెదక్‌లో నా గురించి ఒక అబద్ధం చాలా ఏళ్ళు చలామణీ అయింది. స్నేహితురాలి కోసం నేను పరుగు పందెంలో గెలిచిన బహుమానాన్ని వదులుకున్నానట. ఆ పందెం జరిగిన మరుసటి ఆదివారం చర్చిలో అయ్యగారు తన ప్రసంగంలో ఆ సంగతి ఎత్తి, పిల్లలంటే అలా ఉండాలన్నారు. ముందు వరసలో కూర్చున్న మా అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వెనక వరసలో కూర్చున్న నేను పళ్ళు కొరుక్కున్నాను. నేనేమీ వదులుకోలేదు. వదులుకునే రకం మనిషిని కూడా కాదు. కూరలో మూలిగ బొక్క ఎవరికి పడిందనే దాని మీద తమ్ముడితో జుట్లు పట్టుకుని కొట్లాడినదాన్ని. ఆ ప్రసంగం చెప్పినాయనా, విని ఏడ్చిన మా అమ్మా ఇద్దరూ పోయారు. నాకూ ఎనభై దాటాయి. ఇప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పేస్తే ఎవరికీ నష్టం లేదు.

మా నాయన దవాఖానలో కంపౌండరు. దవాఖాన వెనకే మా ఇల్లు, ఇంటి పక్కనే ఆడపిల్లల బడి. అవి గడబిడ రోజులు. ఊళ్ళల్లో ఒక దిక్కు రజాకార్లు, ఒక దిక్కు ఎర్రజెండా సంఘంవాళ్ళు. పొద్దు గూకితే ఎవరి తలుపు ఎవరు కొడతారో తెలియదు. పెద్దవాళ్ళు గుసగుసగా మాట్లాడుకునేవారు, మేం దగ్గరికి వెళితే వానల గురించి మాట్లాడేవారు. బడి గేటుకు పగలు కూడా తాళం పడింది. రోడ్డవతల మగపిల్లల హాస్టలు ఖాళీ అయిపోయింది. వాళ్ళనందరినీ తల్లిదండ్రులు వచ్చి ఊళ్ళకు తీసుకుపోయారు. దాంతో రెండు బళ్ళకూ మధ్యన ఉన్న ఆటల మైదానం, అంతవరకు మేం గోడ మీంచి తొంగి చూడడానికి కూడా భయపడ్డ మైదానం, మాకు దక్కింది. మగవాళ్ళ కొట్లాటల వల్ల ఆడపిల్లలకు ఒరిగిన లాభం నేనెరిగినంతలో అదొక్కటే.

మాకు ఒక ఆటల టీచరమ్మ ఉండేది. మెడలో నల్ల తాడుకు ఈల కట్టుకుని తిరిగేది. చాలా మంచిది, చాలా చాదస్తపుది. మేం పరుగెత్తితే ఆమెకు ఎంత సంబరమో అంత భయం. అందుకని పరుగుకు బోలెడు రూల్సు పెట్టింది. లంగా చీలమండ దాటి పైకి లేవకూడదు. కాబట్టి ఎడమ చెయ్యి లంగాకు, కుడి చెయ్యి పరుగుకు. పాదాల చప్పుడు వినిపించకూడదు. నోరు తెరిచి రొప్పకూడదు. వీటన్నిటినీ నేను భరించాను గానీ, చివరి రూలు ఒకటుంది, అదే నా ప్రాణం తీసింది.

గెలిచిన పిల్ల తాను గెలిచానని చెప్పుకోకూడదు. తల దించుకుని నిలబడాలి. రెండో స్థానంలో వచ్చిన పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని అందరి ముందూ 'ఈమె గెలిచింది' అని చెప్పాలి. అప్పుడే చప్పట్లు.

"గెలిచినామె చెప్పుకుంటే గర్వం అనిపిస్తది. ఓడినామె చెప్తే ఒద్దిక అనిపిస్తది" అనేది టీచరమ్మ.

మగపిల్లలకు ఈ ఒద్దిక అక్కర్లేదు. వాళ్ళలో గెలిచినవాణ్ణి భుజాల మీదికెత్తుకుని బజారు దాకా అరుచుకుంటూ ఊరేగించేవాళ్ళు. ఆ సంగతి టీచరమ్మ ముందు ఎత్తితే, "వాళ్ళు మగపిల్లలు గద" అని ఈల నోట్లో పెట్టుకునేది. ఈల నోట్లో పెట్టుకుందంటే ఇక మాట్లాడదని అర్థం.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆ రూలు నాకు తెగ నచ్చింది. అప్పట్లో మా బడిలో నన్ను మించి ఉరికే పిల్ల లేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకుని, మొహం మాడ్చుకుని, 'ఈమె గెలిచింది' అనేవాళ్ళు. నేను తల దించుకుని లోలోపల లడ్డూలు తినేదాన్ని. ఆ సుఖం ఒక ఏడాది సాగింది.

తర్వాత ఆమె వచ్చింది.

టేక్మాల్ దిక్కు పల్లె నుంచి, గూడు కట్టిన ఎడ్లబండిలో, వాళ్ళ నాయన తీసుకొచ్చాడు. చదువు కోసం కాదు. ఊళ్ళో రజాకార్ల భయం, ఇంట్లో వయసుకొస్తున్న ఆడపిల్ల. మా బడికి ఎత్తయిన గోడలున్నాయని ఎవరో చెప్పారట. "గీ లొల్లి సల్లవడేదాక మీ కాడ ఉంచుకోండ్రి" అని పెద్ద టీచరమ్మ చేతుల్లో పెట్టిపోయాడు. ఆమెకు అప్పటికే పెళ్ళయింది. తొమ్మిదో ఏట చేశారు. ఇంకా అత్తగారింటికి పంపలేదు. కాళ్ళకు మట్టెలు, అత్తగారు పెట్టిన వెండి కడియాలు. ఒక్కో కడియం నా మణికట్టంత లావుండేది. మొదటి నెల ఆమె కుండ వేరు, పొయ్యి వేరు. ఎవరితోనూ మాట్లాడేది కాదు. మేం ఉరుకుతుంటే వేపచెట్టు కింద కూర్చుని చూసేది.

ఒకరోజు టీచరమ్మ ఊరికే, "నువ్వు గూడ ఉరుకుతవా?" అంది. ఆమె లేచి, ఓణీ నడుముకు చుట్టి, వచ్చి నా పక్కన నిలబడింది. ఆ కడియాలు చూసి నాకు నవ్వొచ్చింది. ఈల మోగింది. సగం మైదానం దాకా నవ్వుతూనే ఉన్నాను. మిగతా సగం ఆమె జడ చూస్తూ ఉరికాను. జొన్న చేలో పిట్టల్ని కొట్టడానికి గట్ల మీద ఉరికి ఉరికి వచ్చిన కాళ్ళవి. మనిషి పొడుగంత తేడాతో నన్ను ఓడించింది.

అప్పుడు నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆ మాట చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. ఆమె తల దించుకునే ఉంది గానీ, పక్కనున్నాను కాబట్టి నాకు కనిపించింది. దించిన మొహంతోనే నవ్వుతోంది. ఆ రోజు మధ్యాహ్నం తన పొయ్యి వెలిగించే ఓపిక లేక మా పంక్తిలో వచ్చి కూర్చుంది. నాకంటే ఒక రొట్టె ఎక్కువే తింది.

అక్కడి నుంచి నాకు వేరే పని లేకుండా పోయింది. నాయన దగ్గరికి పోయి బలం రావడానికి తాకత్ మందు కావాలన్నాను. ఆయన నవ్వు ఆపుకుంటూ ఒక సీసా కలిపిచ్చాడు. నెలంతా తాగాక అది సోడా ఉప్పు నీళ్ళని తెలిసింది. పచ్చి గుడ్లు మింగాను. ఇంటి నుంచి బావి దాకా ఖాళీ బిందెతో ఉరికి, నిండు బిందెతో ఉరికి, సగం బిందెతో ఇంటికి చేరేదాన్ని. అమ్మ తిట్టేది. ఏం చేసినా ఆమె నాకంటే మూరెడు ముందుండేది.

ఇక సిగ్గు విడిచి ఒక పని చేశాను. పాదాల చప్పుడు వినిపించకూడదన్న రూలు ఉంది కదా, ఆమె కడియాలు గలగలమంటున్నాయని టీచరమ్మకు ఫిర్యాదు చేశాను. తీసెయ్యమన్నా ఆమె తియ్యడానికి లేదని నాకు తెలుసు. టీచరమ్మ ఇరకాటంలో పడింది. ఆమె మాత్రం నా వంక చూసి, "అత్తగారు వెట్టినయి, తియ్యద్దు. నీ కోసం గుడ్డ సుట్టుకుంట, సాలునా?" అంది. పాత చీర పేలికలు కడియాలకు చుట్టుకుని ఉరికింది. చర్మం ఒరుసుకోకుండా మెత్తగా ఉందేమో, ముందుకంటే ఇంకా జోరుగా ఉరికింది.

అలాగని మేం శత్రువులమనుకుంటే పొరపాటు. ఆ గోడల మధ్య నాకు ఆమె కంటే దగ్గరివాళ్ళు లేరు. నా కాలిలో తుమ్మముల్లు విరిగితే పిన్నీసుతో తీసింది ఆమే. తీస్తూ తీస్తూ అంది, "నువ్వు మొదట్ల మస్తు ఉరుకుతవ్. ఆఖర్ల నన్ను సూస్తవ్. నన్నెందుకు సూస్తవ్? గెలుపు కాడి తాడును సూడు."

గెలిచే మనిషి ఓడే మనిషికి గుట్టు చెబుతుందా? ఇందులో ఏదో మోసం ఉందని వారం రోజులు ఆలోచించాను. ఏమీ లేదు. ఆమెకు నాతో ఉరకడం ఇష్టం, అంతే. నేను మెల్లగా వస్తే ఆమెకు మజా ఉండదు.

రెండేళ్ళు అలా గడిచాయి. పదకొండు పందేలు. పదకొండు సార్లు నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆ మాట చెప్పాను. నాకు బహుమానం మీద ఆశ లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆమె నా చెయ్యి పట్టుకుని, అందరూ వింటుండగా, 'ఈమె గెలిచింది' అనాలి. బైబిలు చదువుతున్నా, బియ్యం ఏరుతున్నా నా మనసులో అదే.

ఇంతలో పోలీస్ యాక్షన్ వచ్చింది. నాలుగైదు రోజుల ముచ్చట. ఆకాశంలో విమానాల మోత విన్నాం. రామాయంపేట రోడ్డు మీద మిలిటరీ లారీలు పోతున్నాయని ఎవరో చూసొచ్చి చెప్పారు. దవాఖాన రేడియో చుట్టూ పెద్దలు మూగారు. తర్వాత కొన్నాళ్ళు ఎవరూ గట్టిగా నవ్వలేదు, గట్టిగా ఏడవనూ లేదు. ఒక్కో ఊరి కబురు ఒక్కోలా ఉండేది. దవాఖానకు గాయాలతో వచ్చిన వాళ్ళలో అన్ని రకాలవాళ్ళూ ఉన్నారని నాయన ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని చెప్పేవాడు, తినకుండా లేచేవాడు. అవి నాకు మరపురావు. కానీ పదిహేనేళ్ళ పిల్లను. బడి గేటు తాళం తియ్యగానే నాకు మొదట వచ్చిన ఆలోచన వేరు. ఇక మగపిల్లలు తిరిగొస్తారు, మైదానం పోతుంది.

అదే అయింది. క్రిస్మస్‌కు ముందు ఆడపిల్లలకు ఒక ఆటల దినం జరిపి, మైదానం మళ్ళీ మగపిల్లలకు అప్పగించాలని పెద్దలు తేల్చారు. అదే వారంలో ఆమెకు కబురొచ్చింది. దారులు బాగుపడ్డాయి, మామగారు బండి కట్టుకుని వచ్చి అత్తగారింటికి తీసుకుపోతారు. ఆటల దినం రోజే.

"అంటే గిదే ఆఖరుది" అంది ఆమె.

"పన్నెండోది" అన్నాను నేను.

ఆ రోజు మైదానం చుట్టూ జనం. ఒక వైపు ఆడవాళ్ళు, ఒక వైపు మగవాళ్ళు. దవాఖాన నర్సులు, బడి వంటామె, తిరిగొచ్చిన హాస్టలు పిల్లలు గోడ మీద వరసగా. మైదానం చుట్టూ ఒక చుట్టు ఉరికి, చివర ఇద్దరు చిన్నపిల్లలు పట్టుకున్న తాడును ఛాతీతో తాకాలి. ఈల మోగింది. ఎడమ చేత్తో లంగా పట్టుకుని బయల్దేరాం. ఈసారి నేను ఆమెను చూడలేదు. తాడునే చూశాను. అయినా చివరి మలుపులో ఆమె జడ నా కళ్ళ ముందుకొచ్చింది. జానెడు తేడా. జానెడే. నేను ఏసుప్రభువును గట్టిగా తలుచుకున్నాను.

అప్పుడు గేటులోంచి ఒక పెద్దమనిషి లోపలికొచ్చాడు. తెల్ల రుమాలు తలకు చుట్టి, చేతిలో కట్టె, ఒంటినిండా బండి దారి దుమ్ము. ఎక్కడ నిలబడాలో తెలియక నేరుగా వచ్చి తాడు పక్కన నిలబడ్డాడు.

ఆమె ఆయన్ను చూసింది. చూసి, కాళ్ళకు మేకులు కొట్టినట్టు ఆగిపోయింది. వాళ్ళలో కోడలు మామగారి ముందు తల మీద కొంగు లేకుండా నిలబడదు, ఎదురుగా నడవదు, గొంతు వినిపించదు. చెయ్యి దానంతటదే ఓణీ మీదికి పోయింది. తల మీద కప్పుకుని, పక్కకు తిరిగి, నేల చూస్తూ నిలబడింది. తాడు అక్కడికి పది అడుగులు కూడా లేదు. నేను ఆమెను దాటి ఉరికి తాడును తాకాను.

చప్పట్లు మోగాయి. టీచరమ్మ నా చేతిలో ఇత్తడి గ్లాసు పెట్టి, మా ఇద్దరినీ జనం ముందుకు తెచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి తడిగా ఉంది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. నాలుగు బారల దూరంలో మామగారు.

"ఫరవాలే, నేను చెప్త. ఈమె గెలిచింది" అంది టీచరమ్మ.

"మీరు కాదు టీచరమ్మా, ఆమె చెప్పాలె."

"ఎట్ల చెప్తది? మామగారున్నరు గద."

"పదకొండు సార్లు నేను చెప్పిన. ఒక్కసారి ఆమె చెప్తే ఏం వోతది?"

టీచరమ్మ ఈల నోట్లో పెట్టుకుంది.

నాకు తిక్క రేగింది. రెండేళ్ళు పచ్చి గుడ్లు మింగింది ఇందుకా? నేరుగా ఆ పెద్దమనిషి ముందుకు పోయి నిలబడ్డాను. ఆడవాళ్ళ వైపు నుంచి మా అమ్మ నా పేరు పిలవడం వినిపించింది. వినిపించనట్టే ఉన్నాను.

"పటేలా, మీరు జర అటు దిక్కు తిరుగుండ్రి" అన్నాను.

"ఎందుకు బిడ్డా?"

"మీ కోడలు మిమ్ములను సూసి ఆగింది. ఆగకపోతే..." అక్కడ నా మాట ఆగిపోయింది. మిగతాది చెబితే ఆమే గెలిచేదని ఒప్పుకున్నట్టవుతుంది. "ఆగకపోతే ఏమైతుండెనో తెల్వాలె" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. తాడును చూశాడు. అటు తిరిగి నిలబడ్డ కోడలి కడియాలను చూశాడు.

"నన్ను సూసి ఆగిందా? పందెమున్నదంటే సూద్దామని ఎద్దులను అదిలిచ్చుకుంట వస్తి గదనే" అన్నాడు. ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది. "ఉరికేటోళ్ళకు అడ్డం నిలవడొద్దని తెల్వదా నాకు? తప్పు నాదే."

అంటూనే పక్కనున్న ముక్కాలిపీట లాక్కుని, మైదానానికి వీపు పెట్టి, చర్చి గోపురానికేసి మొహం తిప్పి కూర్చున్నాడు. "గిట్ల కూసుంట. మళ్ళ ఉరుకుండ్రి. జల్ది కానియ్యుండ్రి, పొద్దుండంగ ఊరు జేరాలె" అన్నాడు.

ఇలాంటి దానికి టీచరమ్మ దగ్గర రూలు లేదు. పెద్ద టీచరమ్మ వంక చూసింది. పెద్ద టీచరమ్మ మామగారి వీపు వంక చూసింది. మేం అప్పటికే గీత దగ్గరికి పోయాం. నేను గ్లాసు తాడు పక్కన నేల మీద పెట్టాను. అయ్యగారు ప్రసంగంలో చెప్పిన త్యాగం ఇదే. గ్లాసు చేతిలో ఉంటే ఉరకడం కష్టం, అందుకని పెట్టాను.

ఆమె కడియాల పేలికలు ముందటి పరుగులోనే ఊడిపోయి వేలాడుతున్నాయి. వాటిని పీకి పారేసింది. తర్వాత వంగి, నాట్లేసే ఆడవాళ్ళలాగా లంగాను కాళ్ళ మధ్య నుంచి కాశె పోసి వెనక్కి దోపుకుంది. పిక్కలు బయటపడ్డాయి. టీచరమ్మ వద్దనబోయింది గానీ నోట్లో ఈల ఉంది. నేనూ కాశె పోశాను. జీవితంలో మొదటిసారి నాకు రెండు చేతులూ ఉరకడానికి దొరికాయి.

ఈల మోగింది. ఆ పరుగు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. గాలి పిక్కలకు తగులుతోంది. తాడునే చూశాను. సగం దూరంలో ఇద్దరం సమానం. చివరి మలుపులో నేను ముందున్నాను, ఒట్టు, ముందున్నాను. అప్పుడు నా వెనక నుంచి కడియాల గలగల మొదలైంది. పక్కకొచ్చింది. ముక్కాలిపీట మీద కూర్చున్న ఆయన తల కాస్త పక్కకు వంగింది. ఆ చప్పుడు ఆయనా వింటున్నాడు. గలగల నా భుజం దాటింది. తాడు ఆమె ఛాతీకి తగిలింది. బెత్తెడు తేడా.

నేను నేల మీద కూలబడ్డాను. ఆడవాళ్ళ వైపు కేకలు, గోడ మీది పిల్లల ఈలలు. అవి సద్దుమణిగాక ఆయన వీపు తిప్పకుండానే అడిగాడు.

"ఎవరు గెలిచిండ్రు?"

రూలు ప్రకారం ఆ జవాబు నాది. లేచి, ఆమె చెయ్యి పట్టుకుని, పన్నెండోసారి ఆ మాట అనాలి. టీచరమ్మ కళ్ళతో సైగ చేసింది. నేను నోరు తెరవలేదు. ఆయాసం వల్ల కాదు. ఊపిరి బాగానే ఉంది. నాకు బుద్ధి పుట్టలేదు. బెత్తెడు తేడాతో ఓడి మళ్ళీ నేనే చెప్పాలా? కుళ్ళుతో గడ్డి పీకుతూ కూర్చున్నాను.

ఆమె నా వంక చూసింది, చెప్పమని. నేను మొహం తిప్పుకున్నాను.

"ఎవరన్న చెప్పుండ్రి" అన్నాడు ఆయన మళ్ళీ.

"నేనే."

చాలా చిన్న గొంతు. మొదట ఎవరిదో అర్థం కాలేదు. తల మీద ఓణీ లేదు, కాశె ఇంకా విప్పలేదు, మామగారి వీపు వంక సూటిగా చూస్తూ నిలబడి ఉంది. టీచరమ్మ నోట్లోంచి ఈల జారిపోయింది.

ఆయన కదలకుండానే అన్నాడు, "ఇనవడలే బిడ్డా. జర గట్టిగ చెప్పు."

"నేనే గెలిచిన, మామా!"

గోడ మీది మగపిల్లలు కూడా ఉలిక్కిపడ్డారు. ఆయన రుమాలు సర్దుకుని లేచాడు. "మంచిగైంది" అన్నాడు. అని, వెనక్కి చూడకుండానే గేటు వైపు నడిచాడు, బండి కట్టడానికి.

ఆమె వచ్చి చెయ్యిచ్చి నన్ను లేపింది. నేల మీది గ్లాసు తీసుకుంది. నాకు ఇవ్వజూపలేదు. ఇచ్చి ఉంటే దాంతోనే నెత్తి మీద మొట్టేదాన్ని. కాశె విప్పి, లంగా దులుపుకుని, ఓణీ తల మీదికి లాక్కుని బండెక్కింది. అత్తగారి ఊరి బాట పట్టిన ఆ బండి వెనక మలుపు దాకా ఉరికాను. లోపల్నుంచి గ్లాసు ఎత్తి చూపించింది. ఇంటికొచ్చి కడుపు నిండా ఏడ్చాను. ఆమె పోయిందని కొంత, ఓడిపోయానని కొంత. ఏది ఎంతో ఇప్పటికీ చెప్పలేను.

దీన్నే చర్చిలో దయ అన్నారు, ప్రేమ అన్నారు. నేను మళ్ళీ ఉరికింది ఆమెను సక్రమంగా ఓడించి ఆ ఒక్క మాట చెప్పించుకోవడానికి. చివర్లో నోరు మూసుకున్నది అసూయతో. అంతకంటే మంచి బుద్ధి నాకు ఆ రోజు లేదు. ఉండి ఉంటే లేచి, ఆమె చెయ్యి పట్టుకుని, నా వంతు మాట నేను చెప్పేసేదాన్ని. ఆమె పన్నెండోసారి కూడా తల దించుకుని నిలబడేది.